అంబాసిడర్ కింద అట్టముక్క

మా వాకిట్లో రోజూ రెండు ముగ్గులు పడేవి. ఒకటి పొద్దున్నే మా ఆవిడ వేసేది. రెండోది రాత్రంతా మా అంబాసిడర్ వేసేది, అన్నీ నల్ల చుక్కలే. పాత గచ్చు ఉన్నన్నాళ్ళూ వాటిని ఎవరూ పట్టించుకోలేదు. కిందటేడు పోర్టికోలో లేత రంగు టైల్సు వేయించాం. అప్పటి నుంచి ప్రతి చుక్కా గొడవే. "ఏమండీ, ఇది కారా, నూనె గానుగా?" అని మా ఆవిడ అడిగిన రోజు, జవాబు దొరక్క ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె చింపి బండి కింద పరిచాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిశాం కానీ ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా నడుస్తూనే ఉన్నాయి. నేనిక్కడే ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. మాట్లాడే భాషలోనే రాయాలని పట్టుబట్టిన గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆ ధైర్యంతోనే ఇందులో గ్యారేజీ మాటలు ఎలా విన్నానో అలాగే రాస్తున్నాను. గాస్కెట్‌ని ప్యాకింగ్ అంటారు. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టెని చాంబర్ అంటారు. ఇంజన్ నెత్తిన ఉండే రేకు మూత టాపెట్ కవర్.

బండి 1978 మార్క్ 3. నాన్న 1986లో బరంపురంలో ఒక డాక్టరుగారి దగ్గర కొన్నారు. బెంగాల్లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. యాభై ఏళ్ళు దాటితే గానీ వింటేజ్ హోదా ఇవ్వరు. అంటే మాది ఇంకా ఉత్త పాత బండే. ఇంజన్ 1489 సీసీ పెట్రోలు, ఇంగ్లండు బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ళ బి-సిరీస్. అసలు కిటుకంతా ఆ ఇంజన్‌లోనే ఉంది.

ఐదారు వందల కిలోమీటర్లకు లీటరు ఆయిల్ పోసేవాణ్ణి. సైలెన్సర్ నుంచి నీలం పొగ లేదు కాబట్టి కాలిపోవడం లేదు, కారిపోతోంది. ముందు నేనే మొనగాణ్ణనుకుని పానా పట్టుకుని కనిపించిన నట్టల్లా బిగించాను. టాపెట్ కవర్ మీద ఉన్న రెండు నట్లని పళ్ళు కొరుక్కుని మరీ తిప్పాను. మర్నాడు అట్టముక్క మీద చుక్కలు ఇంకా పెరిగాయి.

ఊళ్ళో ఒక గ్యారేజీకి తీసుకెళ్ళాను. కుర్రాడు జాకీ ఎత్తి, టార్చి వేసి, ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య కారుతున్న మడ్డి చూపించాడు. "వెనక ఆయిల్ సీలు పోయింది సార్, ఇంజన్ దించాలి. ఇరవై ఎనిమిది వేలు, పది రోజులు" అన్నాడు. ఆ నెల మా అబ్బాయి కాలేజీ ఫీజు కట్టాలి. ఆలోచించి చెబుతానని బండి వెనక్కి తెచ్చుకున్నాను.

స్టాఫ్ రూములో ఈ గోడు వెళ్ళబోసుకుంటే, మా ఒడియా మాస్టారు ఒక ముసలి మేస్త్రి సంగతి చెప్పారు. గుణుపురంలో ముప్పై ఏళ్ళు టాక్సీ అంబాసిడర్లు బాగుచేసి, ఇప్పుడు మా ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నాడట. వెళ్ళి గ్యారేజీ వాళ్ళ మాట చెప్పాను. ఆయన బీడీ పక్కన పెట్టి నవ్వాడు.

"సీలు పోయిందన్నారా? ఉంటే కదండి మాస్టారూ, పోడానికి!"

నిజమే. ఈ పాత బి-సిరీస్ ఇంజన్‌కి క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక రబ్బరు సీలు లేదు. షాఫ్ట్ చివర మరచుట్టులాగా ఒక గాడి కోసి ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఆ చుట్టు బయటికి రాబోయే ఆయిల్‌ని మళ్ళీ లోపలికి తోస్తుంది. ఇంజన్ ఆపేస్తే ఆ తోపుడు కూడా ఆగిపోతుంది. అంటే ఆపాక ఒకటి రెండు చుక్కలు జారడం ఈ ఇంజన్ పుట్టుకలోనే ఉంది. లేని సీలు మార్చడానికి ఇరవై ఎనిమిది వేలు సమర్పించుకోబోయానన్నమాట. ఆ కుర్రాడు మోసం చేశాడని మాత్రం నేననను. వాడు పుట్టేసరికే టాక్సీ స్టాండుల్లో ఇండికాలు వచ్చేశాయి.

"మరి ఇంత ఆయిల్ ఎక్కడినుంచి పోతోంది?"

"అది ఇప్పుడెలా తెలుస్తాదండి? ముందు కడగాలి. మొకం కడక్కుండా మొటిమ ఎక్కడుందో సెప్పగలమేటి?"

ఆ ఆదివారం మొత్తం కడగడానికే పోయింది. బ్యాటరీ వైరు తీసి, ఇంజన్ పూర్తిగా చల్లారాక, కార్బురేటర్‌కీ డిస్ట్రిబ్యూటర్‌కీ డైనమోకీ పాలిథిన్ కవర్లు కట్టాం. కిరసనాయిలు ఇప్పుడెక్కడ దొరుకుతుంది? రెండు లీటర్ల డీజిల్ తెచ్చి, పాత పెయింటు బ్రష్షులతో రుద్దాం. ఏళ్ళ తరబడి ఆయిల్, ఎర్రమట్టి కలిసి పేరుకున్న మడ్డి అది. వేలు మందాన పెచ్చులు ఊడి వచ్చింది. తర్వాత సర్ఫు నీళ్ళు, ఆ తర్వాత మంచి నీళ్ళు. సాయంత్రానికి ఇంజన్‌కి రంగంటూ ఒకటి ఉందని మొదటిసారి తెలిసింది.

ఆ రాత్రి నా లెక్కల బుద్ధి పనిచేసింది. కొత్త అట్ట తెచ్చి గళ్ళు గీసి, ముందు చక్రాలు ఎక్కడ ఆగాలో సుద్దముక్కతో నేల మీద గుర్తు పెట్టాను. రోజూ పాతపట్నం వైపు పన్నెండు కిలోమీటర్లు తిప్పి తెచ్చి అదే గుర్తు మీద ఆపి, పొద్దున్నే చుక్కలు లెక్కపెట్టాలి. మొదటి రాత్రి లెక్క 41. ముందు ఫ్యాను బెల్టు పుల్లీ కింద 9, కుడిపక్క ఆయిల్ ఫిల్టర్ కింద 6, ఇంజన్-గేర్‌బాక్సు అతుకు కింద 22, వెనక చక్రాల మధ్య గేర్లుండే హౌసింగ్ కింద 4.

మేస్త్రి వచ్చి ఒక్కో మరకనీ వేలితో తీసి వాసన చూశాడు. వెనక నాలుగూ గంధకం కంపు కొట్టాయి. అది గేర్ ఆయిల్, ఇంజన్‌తో సంబంధం లేదు. మిగతావన్నీ ఇంజన్ ఆయిలే. చక్రం దగ్గర పలచటి బ్రేక్ ఆయిల్ చుక్క కనిపించి ఉంటే మాత్రం ఈ లెక్కలన్నీ కట్టిపెట్టి ఆ రోజే బండి ఆపేసేవాడినన్నాడు.

మడ్డి పోయినా ఆయిల్ ఎక్కడ పుడుతోందో కంటికి ఆనదు. నల్లటి ఇనుము మీద నల్లటి తడి. దాని మీద పొడి చల్లాలి. మా ఆవిడ ముగ్గు డబ్బా తెచ్చింది. "వద్దమ్మా, ముగ్గంటే రాయి పిండి. ఫ్యాను గాలికి ఎగిరి కార్బురేటర్లోకి పోతే ఇంకో పని తగులుద్ది" అని మేస్త్రి ఆపాడు. చివరికి మొహానికి రాసుకునే పౌడర్ డబ్బా సగం ఖాళీ అయింది. ఇంజన్ మొత్తం సంక్రాంతి పిండివంట చేసినట్టు తెల్లబడింది. బండి స్టార్ట్ చేసి, పాతపట్నం వెళ్ళొచ్చి, బానెట్ ఎత్తాం.

చూస్తే, వెనక నుంచి కాదు, పైనుంచి! టాపెట్ కవర్ వెనక మూలలో పౌడర్ తడిసి గోధుమరంగు చార అయింది. ఆ చార సిలిండర్ హెడ్ వెనక గోడ వెంట దిగి, సరిగ్గా గేర్‌బాక్సు అతుకు దగ్గరికి చేరుతోంది. గ్యారేజీలో "వెనక సీలు" అని చూపించింది దీన్నే. ఎడమపక్క ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టాలు) వెనక దాక్కున్న రెండు సైడ్ కవర్ల అంచులు కూడా తడిగా ఉన్నాయి. అక్కడ కారింది కూడా గాలి తోపుకి వెనక్కే వెళ్తుంది. ఆయిల్ పడిన చోటుకీ పుట్టిన చోటుకీ మూడడుగుల దూరం. అందుకే పైనుంచి మొదలుపెట్టి కిందికి రావాలంటాడు మేస్త్రి.

నేను వెంటనే ప్యాకింగులు కొందామన్నాను. ఆయన వినలేదు. "ఇన్ని సోట్ల ఒకేపాలి ఎందుకు కారుతోంది మాస్టారూ? లోపల ఏదో తోస్తోంది" అని, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ మూతికి పల్చటి క్యారీ బ్యాగు పెట్టి చేత్తో బిగించి పట్టుకున్నాడు. బ్యాగు తిరనాళ్ళలో బూరలా ఉబ్బింది.

పిస్టన్ రింగుల పక్కనుంచి కొంచెం గ్యాసు కిందికి దిగడం ఏ ఇంజన్‌లోనైనా మామూలే. అది బయటికి పోవడానికి సైడ్ కవర్ నుంచి కిందికి ఒక బ్రీదర్ పైపు ఉంటుంది. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఏ అతుకు బలహీనంగా ఉంటే అక్కణ్ణుంచి ఆయిల్‌ని తోసేస్తుంది. వెనక మరచుట్టు ఆ ఒత్తిడికి అసలే ఆగదు. రింగులు అరిగిపోయినా బ్యాగు ఇలాగే ఉబ్బుతుంది కాబట్టి నాకు టెన్షన్ పట్టుకుంది. అంటే నిజంగానే ఇంజన్ విప్పాల్సి వస్తుందేమో. ఆయన బ్రీదర్ పైపు విప్పి, సైకిల్ పుల్ల ఒకటి అడిగి లోపలికి పొడిచాడు. గట్టిగా తగిలింది. పొడిచి, తట్టి, డీజిల్లో నానబెడితే బయటపడింది కందిరీగ కట్టిన మట్టిగూడు. పొడవుగా, గొట్టం ఆకారంలోనే అచ్చు పోసినట్టు ఉంది. దాని పైన గట్టిపడిన ఆయిల్ మడ్డి ఇంకో రెండంగుళాలు.

కరోనా రోజుల్లో బండి దాదాపు రెండేళ్ళు కదల్లేదు. కందిరీగకి అంతకంటే నిశ్శబ్దమైన ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

ఆ రాత్రి ఎందుకో నాన్న పాత డైరీలు తీశాను. 1990 నుంచి ఆయన పోయే దాకా, ఏటా దీపావళి ముందు ఒకే వాక్యం. "ఆయిల్ మార్పించాను, బ్రీదర్ కడిగించాను." నేను మొదటి సగం మాత్రం పాటించాను. రెండో సగం ఏమిటో కూడా ఎప్పుడూ అడగలేదు.

పైపు శుభ్రం చేసి బిగించి, ఇంకేమీ ముట్టుకోకుండా మళ్ళీ అదే పన్నెండు కిలోమీటర్లు తిప్పాం. క్యారీ బ్యాగు ఈసారి ఉబ్బలేదు, అంచు మాత్రం రెపరెపలాడింది. రింగులు బాగానే ఉన్నాయన్నమాట. పొద్దున లెక్క 23. కొత్తగా ఒక్క రూపాయి పెట్టకుండా 18 చుక్కలు తగ్గాయి. మూడు రాత్రులు చూశాను, రెండు మూడు అటూ ఇటుగా అదే లెక్క. నేను ఆ అట్టముక్క స్కూలుకి పట్టుకెళ్ళి తొమ్మిదో తరగతికి బార్ గ్రాఫ్ పాఠం చెప్పాను. పిల్లలకి నచ్చింది. హెడ్మాస్టారికి అంతగా నచ్చలేదు.

ప్యాకింగ్ సెట్టు విశాఖపట్నంలో దొరికింది. కార్క్ ప్యాకింగులు షాపులో ఏళ్ళ తరబడి ఎండి కుదించుకుపోతాయి. టాపెట్ కవర్‌ది గాడిలో పెడితే అర అంగుళం పొట్టి. నేను దాన్ని తిరిగి పంపబోతుంటే మేస్త్రి గోరువెచ్చని నీళ్ళలో వేసి మూత పెట్టాడు. గంటలో సరిపోయింది. దాన్ని కవర్‌ వైపు మాత్రమే గమ్ముతో అంటించి, హెడ్ వైపు ఉత్తగా వదిలేశాడు. మళ్ళీ కవర్ తీసినప్పుడు ప్యాకింగ్ చినగకూడదని.

నా మొనగాడితనం ఫలితాలు అప్పుడు బయటపడ్డాయి. నేను బిగించిన బిగింపుకి పాత కార్క్ నలిగి పక్కకి పొంగింది. సైడ్ కవర్ రేకు బోల్టు దగ్గర గుంట పడింది. గుంట పడితే అక్కడ గట్టిగా నొక్కుతుంది, పక్కనంతా లేచి ఉంటుంది. ఆయన దాన్ని చెక్క దిమ్మ మీద బోర్లించి, చిన్న సుత్తితో తట్టి చదును చేసి, అద్దం మీద పెట్టి చూశాడు. టాపెట్ కవర్ నట్ల కింద ఉండే రబ్బరు బుష్షులు రాయిలా అయిపోయాయి, అవీ మార్చాం. "వేళ్ళ బలంతో తిప్పి, ఆ పైన పానాతో ఒక్క సుట్టులో పావు వంతు. అంతే. కార్క్‌ని నొక్కాల గానీ పిండి సెయ్యకూడదు" అన్నాడు. సైడ్ కవర్ల కోసం కార్బురేటర్, మానిఫోల్డ్ తీయాల్సి వచ్చింది. ఒక రోజంతా దానికే పోయింది.

ఆయిల్ ఫిల్టర్ దగ్గర మాత్రం నవ్వొచ్చింది. ఈ బండికి డబ్బాలాంటి ఫిల్టర్. డబ్బా పై అంచు ఆనే గాడిలో ఒక రబ్బరు రింగు కూర్చుంటుంది. ఫిల్టర్ మార్చినప్పుడల్లా పాత రింగు తీసి కొత్తది వేయాలి. మా గాడిలో రెండు రింగులున్నాయి. పాతది నల్లగా గట్టిపడి గాడి అడుగులా కలిసిపోయింది, ఎవరో దాని మీదే కొత్తది వేసి బిగించేశారు. సూదిమొన పెట్టి లాగితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆరు చుక్కల కథ అక్కడితో సరి.

ముందు పుల్లీ దగ్గర పని కష్టం. రేడియేటర్ దించి, హ్యాండిల్ తిప్పే పెద్ద నట్టు విప్పి, పుల్లీ లాగి, దాని వెనకున్న టైమింగ్ కవర్ తీయాలి. ఆ నట్టుకి మేస్త్రి, నేను, మా అబ్బాయి ముగ్గురం వేలాడాం. కవర్‌లో కొత్త సీలు కొట్టాక ఆయన ఒక పని చేశాడు. కవర్ బోల్టులు వదులుగా పెట్టి, ముందు పుల్లీ ఎక్కించి, సీలు పుల్లీ చుట్టూ సమంగా కూర్చున్నాకే బోల్టులు బిగించాడు. ముందే కవర్ బిగిస్తే సీలు ఒక పక్కకి ఒరిగి, రెండు నెలల్లో మళ్ళీ కారుతుందట. పుల్లీ మీద సీలు రాసుకునే చోట ఉన్న గీతని నీటి ఎమరీ కాగితంతో నునుపు చేశాం.

చాంబర్ దించినప్పుడు లోపల ఆయిల్ పీల్చే జల్లెడకి ఎర్రటి సిలికాన్ తీగలు చుట్టుకుని ఉన్నాయి. ఎప్పుడో ఎవరో లీకు ఆపడానికి పేస్టు దట్టంగా పూశారు. బయటికి పొంగింది చూసి తుడిచారు, లోపలికి పొంగింది ఊడి జల్లెడలోకి వెళ్ళింది. ఇంకొంచెం పేరుకుంటే ఆయిల్ అందక బేరింగులు పోయేవి. లీకు వల్ల టైల్సు పాడవుతాయి, లీకు ఆపే పేస్టు వల్ల ఇంజన్ పోతుంది! నాకు ఒళ్ళు జలదరించింది. మా చాంబర్‌కి ప్యాకింగ్ ముందూ వెనకా అర్ధచంద్రాకారంలో కూర్చునే చోట, నాలుగు మూలల్లో మాత్రం పెసరగింజంత సిలికాన్ పెట్టాం.

చాంబర్ అడుగు బోల్టుకి రాగి వాషరు ఉంటుంది. నలిగి గట్టిపడితే పట్టు ఇవ్వదు. కొత్తది కొనబోతే మేస్త్రి వద్దని, మా వంటింటి గ్యాసు మీద పట్టకారుతో పట్టి ఎర్రగా కాల్చి నీళ్ళలో వేశాడు. రాగి మెత్తబడి మళ్ళీ కొత్తదానిలా కూర్చుంటుంది. మా ఆవిడ ఆ పట్టకారు మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

వెనక హౌసింగ్ సంగతి తొందరగానే తేలింది. పినియన్ సీలు అరిగింది, పైన ఉన్న చిన్న గాలి రంధ్రం మట్టితో మూసుకుంది. ఇక్కడా అదే జబ్బు.

కొత్త ఆయిల్, సీళ్ళు, ప్యాకింగులు, మేస్త్రి కూలీ అన్నీ కలిపి ఆరు వేల తొమ్మిది వందలు అయ్యాయి. తీసేసిన పాత ఆయిల్ కొంత మా పక్కింటాయన చెదలు పట్టిన తలుపు చట్రానికి అడిగాడు. మిగతాది గ్యారేజీ డ్రమ్ములో పోయించాను.

పన్నెండు కిలోమీటర్ల చదును రోడ్డు ఇక సరిపోదనిపించింది. మేస్త్రిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆర్. ఉదయగిరి, మోహన మీదుగా తప్తపాణి ఘాట్ దిగి బరంపురం వెళ్ళాం. ఎక్కుడులో ఇంజన్ బాగా వేడెక్కితే ఆయిల్ పలచబడి చిన్న సందులోంచి కూడా బయటికొస్తుంది. మోహనలో టీ తాగడానికి ఆగినప్పుడు నేను టీ వదిలేసి బండి కింద పడుకున్నాను. టీ కొట్టాయన కంగారుపడి "బాబూ, తెల పడుచి కి?" అని అడిగాడు. ఒడియాలో తెల అంటే నూనె. మేస్త్రి నా బదులు తెలుగులో "నేదు నేదు, ఇంక పడదు" అన్నాడు. తప్తపాణిలో వేడినీళ్ళ కుండం దగ్గర ఆగాం. ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే నేను మళ్ళీ డిప్‌స్టిక్ తీశాను. ఊళ్ళో పెట్టిన గుర్తు దగ్గరే ఉంది.

ఇంటికొచ్చాక మొదటి రాత్రి లెక్క 7. అన్నీ ఇంజన్-గేర్‌బాక్సు అతుకు కిందే. మేస్త్రి ఆయిల్ ప్రెషర్ మీటరు తగిలించి, వేడి ఇంజన్ మీద చూసి, మెయిన్ బేరింగులు బాగున్నాయన్నాడు. అవి అరిగితే షాఫ్ట్ కిందికి దిగి మరచుట్టు దగ్గర సందు పెరుగుతుందట. తర్వాత ఆయన బండిని కాదు, మా పోర్టికోని చూశాడు. వీధి నుంచి లోపలికి ర్యాంపు ఎక్కి ఉంటుంది. నేను ముక్కు ముందుకి పెట్టి ఎక్కిస్తాను. అంటే రాత్రంతా ఇంజన్ వెనక భాగం కిందికి వాలి, ఆయిల్ అంతా సీలు లేని వైపు చేరుతోంది.

"తిప్పి పెట్టండి మాస్టారూ."

తిప్పి పెట్టాను. పొద్దున లెక్క 3. ఆ మూడూ ఇంగ్లండులో ఈ ఇంజన్ గీసినవాళ్ళ ఖాతాలో వేసి వదిలేశాను.

ఇప్పుడు ఇంకో బాధ మొదలైంది. ఈ బండిని రివర్స్‌లో ర్యాంపు ఎక్కించడం. రోజూ సాయంత్రం మా అబ్బాయి వెనక నిలబడి "రానీ, రానీ, ఆపు" అంటాడు. మా ఆవిడ మెట్ల మీద నిలబడి గోడకీ బంపర్‌కీ మధ్య దూరం చూస్తుంది. అట్టముక్క ఇంకా అక్కడే ఉంది. ఈసారి చిన్నది, చీరల పెట్టెది. దీపావళికి ముందు బ్రీదర్ కడగాలని నాన్న డైరీలో చివరి పేజీ తర్వాత నేనే రాసుకున్నాను. పైపు మూతికి సన్నటి ఇత్తడి వల కట్టాను, అందులోంచి గాలి ఆడుతుంది గానీ కందిరీగ పట్టదు.